కొలత గోడదా, చట్రందా? కంప్యూటర్లో తలుపులు, కిటికీలు నిలబెట్టడం మొదలుపెట్టేవాళ్లకి

పోయిన ఏడాది తిరుచానూరు రోడ్డు వైపు ఒక ఇంటికి ప్లాన్ గీసిచ్చాను. 30 అంకణాల స్థలం (అంకణం అంటే మా దగ్గర 36 చదరపు అడుగులు), 27 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. గదులు బాగా కుదిరాయి, ఇంటివాళ్లు సంతోషంగానే ఉన్నారు. కిటికీల దగ్గర మాత్రం డ్రాయింగులో మిల్లీమీటర్లలో 1200 బై 1200 అని రాసి ఊరుకున్నాను. మేస్త్రి ఆ కాగితం చూసి గోడలో సరిగ్గా 1200 ఖాళీ వదిలాడు. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు చేసేవాళ్లు అదే కాగితం చూసి బయటి అంచు నుంచి బయటి అంచుకి 1200 వచ్చేలా చేసుకొచ్చారు. ఈలోపు ప్లాస్టింగ్ అయిపోయింది. ఒక్కో పక్కన 12 మిల్లీమీటర్ల సిమెంటు ఎక్కింది. ఖాళీ 1176, కిటికీ 1200. తొమ్మిది కిటికీలు వరండాలో గోడకి ఆనించి వరసగా నిలబెట్టి, ఇంటాయన నాకు ఫోన్ చేశాడు. వేసిన ప్లాస్టింగ్ చెక్కి, మళ్లీ పూసి, తడిపి, కిటికీలు బిగించేసరికి పన్నెండు రోజులు పట్టింది. మేస్త్రి తప్పు కాదు, కిటికీల వాళ్ల తప్పూ కాదు. 1200 అనేది దేని కొలతో రాయని నాది.

మాకు చెక్కపని చేసిపెట్టే ఆచారన్న ఎన్నో ఏళ్లుగా డ్రాయింగు చేతికి తీసుకోగానే ఒకటే అడుగుతాడు. "ఏం పాపా, ఈ కొలత గోడదా, చట్రందా, రెక్కదా?" నేను నోటితో చెప్పేదాన్ని, ఆయన పెన్సిలుతో పక్కన రాసుకునేవాడు, పని జరిగిపోయేది. ఆచారన్న అడిగినన్నాళ్లూ నా కాగితంలో లోపం బయటపడలేదు. అడగని వాళ్ల చేతికి వెళ్లిన రోజు బయటపడింది.

నాది తిరుపతి కొర్లగుంటలో మేడ మీద ఒక గది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ ట్రేడ్ చేసి, ఆటోక్యాడ్ మీద పందొమ్మిదేళ్లుగా ప్లాన్లు గీస్తున్నాను. ఆటోక్యాడ్‌లో తలుపంటే ఒక బ్లాకు: రెండు గీతలు, ఒక పావు వలయం. దానికి ఎత్తు తెలియదు, చట్రం మందం తెలియదు, పక్కన ఉన్నది గోడ అనీ తెలియదు. ఆ తొమ్మిది కిటికీల తర్వాత త్రీడీలోకి దిగాను. ఇప్పుడు నాలా మొదలుపెట్టేవాళ్లకి, ముఖ్యంగా డిప్లొమా, ఐటీఐ పిల్లలకి, పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఏ సాఫ్ట్‌వేర్

నేను వాడేది ఫ్రీక్యాడ్. డబ్బులు కట్టక్కర్లేదు, క్రాక్ చేసిన కాపీ కోసం ఎవరి పెన్‌డ్రైవూ అడగక్కర్లేదు, నెట్ లేకపోయినా పనిచేస్తుంది. నా లాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ, చిన్న ఇళ్లకి సరిపోతోంది. 2024 నవంబర్లో దీని 1.0 వెర్షన్ వచ్చింది. అంతకుముందు ఇళ్ల పనికి ఆర్చ్ అనే వర్క్‌బెంచ్ (ఒక రకం పనికి కావాల్సిన టూల్స్ అన్నీ ఉండే చోటు) ఒకటి, బిమ్ అనే ఆడాన్ (విడిగా తెచ్చి కలుపుకునేది) ఒకటి వేరువేరుగా ఉండేవి. 1.0లో రెండూ కలిసి బిమ్ వర్క్‌బెంచ్ అయ్యాయి. ఇది చెప్పడం ఎందుకంటే, పాత వీడియోల్లో 'ఆర్చ్‌లోకి వెళ్లండి' అంటారు. మీ దగ్గర ఆ పేరు కనబడక కంగారు పడతారు. బిమ్‌లోకి వెళ్లండి, అంతే.

పెద్ద ఆఫీసుల్లో రెవిట్ వాడతారు. బాగుంటుంది, చందా కట్టాలి. చదువుకునేవాళ్లకి ఉచితంగా ఇస్తారు కాబట్టి కాలేజీలో ఉంటే అదీ నేర్చుకోండి. స్కెచప్ చేతికి తొందరగా అలవాటవుతుంది, కానీ కిటికీల దగ్గర ఒక మెలిక ఉంది. అక్కడ కిటికీ కాంపొనెంట్ తాను అతుక్కున్న ఒక్క ముఖాన్నే కోస్తుంది. 9 అంగుళాల గోడకి బయట ముఖం, లోపల ముఖం అని రెండుంటాయి. బయటి నుంచి కిటికీ బ్రహ్మాండంగా కనిపిస్తుంది, గదిలోకి వెళ్లి చూస్తే మూసిన గోడ. లోపలి ముఖాన్ని మనమే విడిగా కోయాలి. ఫ్రీక్యాడ్‌లో ఈ బాధ లేదు, గోడ మొత్తం మందం కోసుకుపోతుంది.

ముందు అడుగులా, మిల్లీమీటర్లా తేల్చుకోండి

ఇన్‌స్టాల్ చేయగానే తలుపు గీయాలని చెయ్యి దురద పెడుతుంది. ఒక్క నిమిషం ఆగండి. ఎడిట్, ప్రిఫరెన్సెస్, జనరల్, యూనిట్స్ అని వెళ్తే అక్కడ మిల్లీమీటర్లూ ఉంటాయి, అడుగులు అంగుళాలు చూపించే 'బిల్డింగ్ యూఎస్' అనేదీ ఉంటుంది. నేను మిల్లీమీటర్లే పెట్టుకున్నాను. అయినా గడిలో అంకె పక్కన అడుగు గుర్తు, అంగుళం గుర్తు పెట్టి టైప్ చేస్తే అదే మార్చుకుంటుంది.

మన దగ్గర అసలు గొడవ ఇది: ఇంజినీరు 900 అంటాడు, ఆచారి దాన్ని 3 అడుగులని వింటాడు. 3 అడుగులంటే 914. అక్కడే 14 మిల్లీమీటర్లు పోయింది. ఎత్తులో ఇంకా ఘోరం. 2100 అని రాస్తే అందరూ 'ఏడడుగుల తలుపు' అంటారు, ఏడడుగులంటే 2134. 34 మిల్లీమీటర్ల తేడా, అంటే అంగుళం పైనే. లింటెల్ (తలుపు, కిటికీల పైన గోడలో అడ్డంగా వేసే దూలం) ఒక లెక్కలో, చట్రం ఇంకో లెక్కలో ఉంటే పైన సందు అయినా వస్తుంది, చట్రం కాళ్లయినా కోయాల్సి వస్తుంది. కాబట్టి ఒక ఇంటికి ఒకే లెక్క. మా ఊళ్లో చెక్కపని అంతా అడుగుల్లోనే నడుస్తుంది కాబట్టి నేను తలుపులకి 914, 1067, 2134 అనే అంకెలే వేస్తాను. చూడ్డానికి వంకరగా ఉంటాయి, పని మాత్రం సూటిగా జరుగుతుంది.

ఒక్క గోడతో మొదలుపెట్టండి

ఇల్లంతా గీసేయాలని చూడకండి. కొత్త ఫైలు తెరిచి, బిమ్ వర్క్‌బెంచ్‌లోకి వెళ్లి, ఒక్క గోడ గీయండి. వాల్ టూల్ నొక్కితే పక్కన ప్యానెల్లో మందం, ఎత్తు అడుగుతుంది. బయటి గోడ 9 అంగుళాలు కాబట్టి 230, ఎత్తు 3000 ఇవ్వండి. రెండు చోట్ల క్లిక్ చేస్తే గోడ లేస్తుంది. పదడుగుల పొడవు చాలు.

ఇప్పుడు డోర్ టూల్ నొక్కండి. ప్యానెల్లో ముందే తయారుగా ఉన్న నమూనాల జాబితా వస్తుంది. అందులో 'సింపుల్ డోర్' తీసుకోండి. మౌస్ గోడ ముఖం మీదికి తీసుకెళ్తే తలుపు ఆకారం దానికి అతుక్కుని నిలబడుతుంది. క్లిక్ చేయకముందే ప్యానెల్లో అంకెలన్నీ చూసుకోండి. విడ్త్, హైట్ అర్థమవుతాయి. వాటి కింద హెచ్1, డబ్ల్యూ1, డబ్ల్యూ2, ఓ1, ఓ2 అని ఉంటాయి, ఇక్కడే చాలామంది వదిలేసి పారిపోతారు. హెచ్1 అంటే ఎదురుగా నిలబడి చూస్తే కనిపించే చట్రం చెక్క వెడల్పు. డబ్ల్యూ1 అంటే ఆ చెక్క గోడ లోపలికి ఎంత లోతు ఉంటుందో అది. డబ్ల్యూ2 రెక్క మందం. ఓ1, ఓ2 అంటే చట్రాన్నీ రెక్కనీ ముఖం నుంచి ఎంత లోపలికి జరపాలో ఆ దూరాలు. పడకగది తలుపుకి మా దగ్గర 4 బై 2½ అంగుళాల చెక్క వాడతారు కాబట్టి హెచ్1 దగ్గర 63, డబ్ల్యూ1 దగ్గర 100, రెక్క ఫ్లష్ డోర్ (షాపులో దొరికే చదునైన తలుపు) కాబట్టి డబ్ల్యూ2 దగ్గర 35 ఇస్తాను.

అదే ప్యానెల్లో 'ఆటో ఇన్‌క్లూడ్ ఇన్ హోస్ట్ ఆబ్జెక్ట్' అనే చోట టిక్ ఉండేలా చూసుకోండి. టిక్ లేకపోతే తలుపు గోడలో ఇరుక్కుని కనిపిస్తుంది తప్ప గోడకి బొక్క పడదు. పొరపాటున అలా అయినా చెరిపేయక్కర్లేదు. తలుపుని ఎంచుకుని, కింద డేటా ట్యాబ్‌లో 'హోస్ట్స్' అనే చోట ఆ గోడని చూపిస్తే వెంటనే కోసుకుంటుంది. అక్కడే 'మూవ్ విత్ హోస్ట్' అని ఇంకొకటి ఉంది. దాన్ని ట్రూ చేసి పెట్టుకోండి. లేకపోతే రేపు ఇంటాయన వచ్చి "హాలు ఒక అడుగు పెంచమ్మా" అన్నప్పుడు గోడ జరుగుతుంది, తలుపు పాతచోటే గాల్లో వేలాడుతుంది. నాకు మొదటి ఇంట్లో ఆరు తలుపులు అలా గాల్లో నిలబడ్డాయి. చూసి మా తమ్ముడు పొట్టచెక్కలయ్యేలా నవ్వాడు.

కిటికీ పెట్టేటప్పుడు 'సిల్ హైట్' అనే గడి నింపాలి. నేల నుంచి కిటికీ కింది అంచు ఎంత ఎత్తో అది. సులువైన లెక్క ఒకటి గుర్తుంచుకోండి: మన ఇళ్లలో తలుపులూ కిటికీలూ వెంటిలేటర్లూ అన్నీ పైన ఏడడుగుల దగ్గర, లింటెల్ కింద, ఒకే గీతలో కలుస్తాయి. 4 అడుగుల కిటికీకి సిల్ 3 అడుగులు. వంటింట్లో గట్టు ఉంటుంది కాబట్టి సిల్ 3½, కిటికీ 3½. బాత్రూం వెంటిలేటర్ అడుగున్నర అయితే సిల్ 5½. కూడితే ఏడు రాకపోతే ఎక్కడో తప్పు టైప్ చేశారు.

మూడు కొలతలు

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఈ రాత అంతా దీని కోసమే.

ఒక తలుపుకి కనీసం మూడు వెడల్పులుంటాయి. గోడలో వదిలే ఖాళీ. చట్రం బయటి కొలత. రెక్క కొలత. మనుషులు ముగ్గురూ ముగ్గురే: మేస్త్రికి మొదటిది కావాలి, చట్రం చేసేవాళ్లకి రెండోది, ఫ్లష్ డోర్ కొనడానికి షాపుకి వెళ్లే ఇంటాయనకి మూడోది. భారతీయ ప్రమాణాల్లో తలుపు పేర్లు '8 డీఎస్ 20' లాగా ఉంటాయి. 8 అంటే ఎనిమిది వందల వెడల్పు, డీఎస్ అంటే ఒంటి రెక్క తలుపు, 20 అంటే రెండు వేల ఎత్తు. ఆ అంకెలు గోడ ఖాళీవి. ఈ సంగతి తెలియక 800 రెక్క తెచ్చుకుంటే అది చట్రంలో పట్టదు.

ఫ్రీక్యాడ్‌లో విడ్త్ అని మీరిచ్చేది చట్రం బయటి కొలత. గోడకి పడే బొక్క కూడా సరిగ్గా అంతే. చెక్క చట్రాలకి ఇది సరిపోతుంది, ఎందుకంటే మన దగ్గర చట్రాన్ని ముందే నిలబెట్టి, హోల్డ్‌ఫాస్టులు (చట్రాన్ని గోడకి పట్టి ఉంచే ఇనుప పట్టీలు) బిగించి, దాని చుట్టూ ఇటుక కడతారు. ఖాళీ, చట్రం రెండూ ఒకటే. యూపీవీసీ, అల్యూమినియం అలా కాదు. అవి గోడ కట్టి, ప్లాస్టింగ్ చేసి, ఆ తర్వాత ఖాళీ కొలిచి, ఒక్కో పక్కన 5 మిల్లీమీటర్లు తగ్గించి చేసుకొచ్చి సిలికాన్‌తో బిగిస్తారు. అంటే కిటికీ 1200 కావాలంటే ప్లాస్టింగ్ తర్వాత ఖాళీ 1210 ఉండాలి. ఇటుక దగ్గర ఖాళీ 1210కి 24 కలిపి 1234. ఆ రోజు నా కాగితంలో ఈ మూడు అంకెలూ ఉండి ఉంటే పన్నెండు రోజులు మిగిలేవి.

మోడల్లో ఈ సందుని కూడా చూపించవచ్చు. సొంత స్కెచ్‌తో చేసే కిటికీకి చట్రం గీత చుట్టూ ఇంకొక పెద్ద చతురస్రం గీసి, దాన్ని ఏ భాగానికీ వాడకుండా వదిలేస్తే, ఫ్రీక్యాడ్ అన్నింటికన్నా పెద్ద గీతనే బొక్కకి తీసుకుంటుంది. కిటికీ 1200గానే ఉంటుంది, గోడ 1234 కోసుకుంటుంది.

గడప ఉన్న వాకిలి

సాఫ్ట్‌వేర్ ఇచ్చే 'సింపుల్ డోర్' చట్రానికి మూడు పక్కలే ఉంటాయి, కింద గడప ఉండదు. పడకగదులకి అది చాలు, ఈ రోజుల్లో లోపల ఎవరూ గడప పెట్టించడం లేదు. తలవాకిలికి మాత్రం కుదరదు. గడప లేని తలవాకిలి బొమ్మ చూపిస్తే ఇంట్లో పెద్దావిడ మొదటి మాటే "పసుపు ఎక్కడ పూసేది?" అంటుంది. కాబట్టి సొంత తలుపు చేయడం నేర్చుకోవాల్సిందే. కష్టం కాదు.

గోడ ముఖం ఎంచుకుని, స్కెచర్‌లో కొత్త స్కెచ్ తెరవండి. బయటి దీర్ఘచతురస్రం ఒకటి: వెడల్పు 1067, ఎత్తు 2134. దాని లోపల ఇంకొకటి. తలవాకిలికి 5 బై 3 అంగుళాల చెక్క అనుకుంటే నాలుగు పక్కలా 76 చొప్పున లోపలికి. అంటే లోపలిది 915 బై 1982. కొలతలన్నీ కన్‌స్ట్రెయింట్లుగా (గీతలు కదలకుండా కట్టేసే షరతులుగా) ఇచ్చేస్తే స్కెచ్ ఆకుపచ్చగా మారుతుంది. ఆకుపచ్చ కాకపోతే ఎక్కడో ఒక గీత వదులుగా ఉన్నట్టు. ముందుకి వెళ్లకండి, తర్వాత ఏడిపిస్తుంది.

స్కెచ్ మూసి, దాన్ని ఎంచుకుని, విండో టూల్ నొక్కండి. తలుపుకి విండో టూల్ ఏమిటని అడగొద్దు, ఫ్రీక్యాడ్‌కి తలుపూ కిటికీ ఒకే జాతి. వచ్చినదాన్ని రెండుసార్లు క్లిక్ చేస్తే భాగాల పట్టిక తెరుచుకుంటుంది. గీతలకి వైర్0, వైర్1 అని పేర్లుంటాయి. లెక్క సున్నా నుంచి మొదలవుతుందని మర్చిపోకండి. చట్రం అనే భాగానికి రకం 'ఫ్రేమ్', వైర్0, వైర్1 రెండూ ఇవ్వండి, లోతు 127. రెండు గీతల మధ్య ఉన్నదే చెక్క అవుతుంది, కింద గడపతో సహా. రెక్క అనే భాగానికి రకం 'సాలిడ్ ప్యానెల్', వైర్1 ఒక్కటే, మందం 38. రెక్క నిజానికి చట్రంలో కోసిన గాడిలో ఒక్కో పక్క అర అంగుళం కూర్చుంటుంది కాబట్టి అసలు రెక్క దీనికన్నా పెద్దది. మోడల్లో అంత లోతుకి వెళ్లక్కర్లేదు, పట్టికలో రాస్తే చాలు.

తర్వాత కీలు, అదే మేం బందులనేది. రెక్క పక్క అంచుని ఎంచుకుని, పట్టికలో 'హింజ్' దగ్గర 'గెట్ సెలెక్టెడ్ ఎడ్జ్' నొక్కండి. తెరుచుకునే తీరు 'ఆర్క్ 90'. ఇది చేయకపోతే తలుపు నిలబడుతుంది గానీ తెరుచుకోదు. ఆఖరుగా డేటా ట్యాబ్‌లో 'ఐఎఫ్‌సీ టైప్'ని (వస్తువు ఏ జాతిదో చెప్పే గడి) విండో నుంచి డోర్‌కి మార్చండి. విండో టూల్‌తో పుట్టింది కాబట్టి అది కిటికీ అనుకుంటూ ఉంటుంది, లెక్కల్లోకి వెళ్లేసరికి మీ తలవాకిలి కిటికీల్లో కలిసిపోతుంది.

మూడు రెక్కల కిటికీ కూడా ఇదే పద్ధతి. బయట ఒక దీర్ఘచతురస్రం, లోపల పక్కపక్కన మూడు. 5 అడుగుల కిటికీ అంటే 60 అంగుళాలు. నిలువు చెక్కలు నాలుగు, ఒక్కోటి 2½ చొప్పున 10 అంగుళాలు తింటాయి. మిగిలిన 50ని మూడు చేస్తే ఒక్కో ఖాళీ 16⅔ అంగుళాలు. గాడికి ఒక అంగుళం కలిపి, ఆడటానికి కాస్త సందు తీస్తే రెక్క 17½. నేను ఈ లెక్క ఆచారన్నకి చూపిస్తే ఆయన టేపు కూడా తీయకుండా "పదిహేడున్నర" అన్నాడు. నాకు స్కెచర్‌లో రెండు రోజులు పట్టింది.

ఒక మాట. తలవాకిలి మీద శంఖం, చక్రం, మధ్యలో నామం చెక్కించడం మా ఊళ్లో మామూలు. వాటిని మోడల్లో చెక్కకండి. నేను ఒకసారి ఎక్కడో దొరికిన నగిషీ ఫైలు తెచ్చి రెక్క మీద అంటించాను. లాప్‌టాప్ ఫ్యాను తిరిగీ తిరిగీ ఆగిపోయింది. చదునైన పలక పెట్టి, పక్కన 'చెక్కడం ఉంది' అని రాయండి.

తెరిచి చూడండి

ఇంత పనీ ఎందుకంటే దీనికోసమే. తలుపుని ఎంచుకుని డేటా ట్యాబ్‌లో 'ఓపెనింగ్' దగ్గర 0 బదులు 100 వేయండి, అది డిగ్రీలు కాదు, శాతం. తలుపు నిజంగా తెరుచుకుంటుంది. 'సింబల్ ప్లాన్' ట్రూ చేస్తే పై నుంచి చూసినప్పుడు నేల మీద పావు వలయం కూడా వస్తుంది.

ఒక ఇంట్లో బాత్రూం 4 బై 7 అడుగులు. తలుపు 2½ అడుగులు, లోపలికి తెరుచుకునేలా పెట్టాను. కాగితం మీద చక్కగా ఉంది. వాష్‌బేసిన్ ఉండే చోట 18 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల లోతు ఉన్న ఒక మామూలు పెట్టె పెట్టి, ఓపెనింగ్ పెంచుకుంటూ పోయాను. సగం దాటగానే రెక్క పెట్టెలోకి దూరిపోయింది. అదే ఇల్లు కట్టాక తెలిసి ఉంటే బేసిన్ మార్చాలి, పైపులు మార్చాలి, టైల్స్ పగలగొట్టాలి. ఇక్కడ తలుపు మీద రైట్ క్లిక్ చేసి 'ఇన్వర్ట్ హింజ్ పొజిషన్' అంటే బందులు రెండో పక్కకి వెళ్లాయి, రెక్క గోడ వైపుకి తిరిగింది. దాని పక్కనే 'ఇన్వర్ట్ ఓపెనింగ్ డైరెక్షన్' ఉంటుంది, అది లోపలికి తెరుచుకునేదాన్ని బయటికి మారుస్తుంది. ఈ రెండూ వేరువేరు. మొదట్లో ఒకటి నొక్కాలనుకుని ఇంకొకటి నొక్కుతారు, కంగారేం లేదు, మళ్లీ నొక్కితే వెనక్కి వస్తుంది. బేసిన్‌కి, మంచానికి, బీరువాకి అందమైన బొమ్మలు వెతకొద్దు. కొలత సరైన పెట్టె చాలు. బీరువా ముందు తలుపు తెరుచుకుంటే చాలదు, బీరువా తలుపు కూడా తెరుచుకోవాలి మరి.

సన్‌షేడ్ కూడా ఒక పలకలా పెట్టండి, కిటికీ కన్నా రెండు పక్కలా 6 అంగుళాలు ఎక్కువ ఉండేలా. మనకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబర్లో తిరుపతి ఎలా మునిగిందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ వానలప్పుడు నేను గీసిన ఒక ఇంట్లో సన్‌షేడ్ కిటికీ అంతే వెడల్పు ఉన్నందుకు పక్కల నుంచి నీళ్లు కారి, చెక్క చట్రం అడుగు ఉబ్బింది. ఎలివేషన్‌లో (ఇంటిని ఎదురుగా నిలబడి చూసినట్టు ఉండే బొమ్మలో) చూస్తే ఆ పొట్టి పలక ఇట్టే కళ్లకి తగిలి ఉండేది.

పేర్లు, లెక్క

ప్రతి తలుపుకీ ఒక పేరు పెట్టండి. మనం డీ1, డీ2 అని అలవాటుగా రాస్తాం. ఫ్రీక్యాడ్‌లో డీ01, డీ02 అని సున్నాతో రాయండి. కారణం చెప్తాను. బిమ్‌లో షెడ్యూల్ అనే టూల్ ఉంది, అది వస్తువుల్ని లెక్కపెట్టి పట్టిక ఇస్తుంది. విలువ గడిలో ఇంగ్లీషులో 'కౌంట్' అని, ఫిల్టర్ గడిలో పేరు గానీ ఐఎఫ్‌సీ టైప్ గానీ ఇవ్వాలి. పేరు ఇస్తే, ఆ అక్షరాలు ఎక్కడ కనబడితే అక్కడ పట్టేసుకుంటుంది. డీ1 అని అడిగితే డీ10, డీ11 కూడా కలిపి లెక్కపెడుతుంది. పెద్ద ఇంటికి ఒకసారి రెండు ఫ్లష్ డోర్లు ఎక్కువ తెప్పించాను ఈ సున్నా పెట్టక.

లెక్కతో ఇంకో లాభం. మా దగ్గర చాలామందికి తలుపులూ కిటికీలూ సరిసంఖ్యలో ఉండాలి, చివర సున్నా రాకూడదు. దాని మీద నా అభిప్రాయం ఎవరూ అడగరు, నేనూ చెప్పను. ఇదివరకు ప్లాన్ మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్లం. ఇప్పుడు పట్టిక ముందు పెడతాను. పది అని వస్తే అక్కడే ఒక వెంటిలేటర్‌ని కిటికీగా లెక్కవేయాలా వద్దా అని వాళ్లలో వాళ్లు వాదించుకుంటారు, నేను టీ తాగుతాను.

పట్టికని స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చుకున్నాక నేను చేత్తో మూడు నిలువు వరసలు కలుపుతాను: ఇటుక ఖాళీ, చట్రం బయట, రెక్క. మొదటిదీ మూడోదీ సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఇవ్వదు. మూడూ మిల్లీమీటర్లలో, పక్కనే అడుగుల్లో. ఇదే కాగితం మేస్త్రికి, ఆచారికి, షాపుకి వెళ్తుంది.

ప్లాను, ఎలివేషను షీట్ల మీదికి తేవడానికి సెక్షన్ ప్లేన్, టెక్‌డ్రా ఉన్నాయి. అది ఇంకో రోజు పని. ఇంకొకరు రెవిట్‌లో తెరవాలంటే ఐఎఫ్‌సీ ఫైలుగా పంపండి. అందులో తలుపు తలుపుగానే, కిటికీ కిటికీగానే వెళ్తుంది, గీతలుగా కాదు.

మొన్న ఒక ఇంటి పట్టిక మూడు వరసలతో ఆచారన్న చేతిలో పెట్టాను. కళ్లజోడు పైకి జరిపి కింద దాకా చదివాడు. గోడదా చట్రందా అని అడగలేదు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుంటూ అన్నాడు, "ఎడమ బందులని రాసినావే పాపా, లోపల నిలబడి చూస్తే ఎడమనా, బయట నిలబడి చూస్తేనా?"

నాలుగో వరస కలిపాను.